లూషస్ బాబాయి ఇంట్లో నడవకూడదు

మా లూషస్ బాబాయి ఇంట్లో రికార్డు తిరుగుతున్నంతసేపూ ఎవరూ నడవకూడదు.

నవ్వొచ్చు, దగ్గొచ్చు, మరీ ఆగకపోతే తుమ్మొచ్చు. కాలు మాత్రం కదపకూడదు. ముల్లు రికార్డు మీద వాలే సమయానికి కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉండిపోవాలి, రికార్డు ఆ పక్క పాటలన్నీ అయిపోయేదాకా. ఎవరైనా తెలియక ఒక అడుగు వేయబోతే బాబాయి చూపుడువేలు పైకి లేపి ఒకే ఒక్క మాట అనేవాడు.

"పాదం!"

అంతే. పోలీసువాడు తుపాకీ గురిపెట్టినా అంత చప్పున ఆగరు జనం.

దీనికి కారణం ఇల్లే. మెంఫిస్‌లో మా ఆరెంజ్ మౌండ్ పేటలో అప్పట్లో సగం ఇళ్ళు అలాంటివే. గది వెనక గది, దాని వెనక వంటిల్లు, రైలుపెట్టెల్లా. ముందు గుమ్మంలో నిలబడి చూస్తే వెనక గుమ్మంలోంచి పక్కింటివాళ్ళ కోడిపెట్ట కనపడుతుంది. కింద ఇటుక స్తంభాలు, వాటిమీద చెక్కల నేల. వంటింట్లో ఎవరైనా మడమ నొక్కి నడిస్తే ముందుగదిలో కప్పులు గలగలమనేవి. బాబాయి కొత్తగా రికార్డు ప్లేయరు కొన్నరోజున మా అమ్మమ్మ, ఆవిడ మంచి భారీ మనిషి, చూద్దామని నాలుగడుగులు వేసింది. ముల్లు మొదటి పాటలోంచి గెంతి మూడో పాటలో పడింది. అమ్మమ్మ "రెండో పాట బాగోదా ఏం?" అని అడిగింది. ఆ పూటే ఈ చట్టం పుట్టింది.

బాబాయి దగ్గర రికార్డులు చాలానే ఉండేవి గానీ, ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెట్టేది ఒక్కటే. లెమ్యుయెల్ హైటవర్ అని మా ఊరి గాయకుడు అరవై ఆరులో ఇచ్చిన సోల్ పాటల రికార్డు, చర్చి బాణీలో సాగే ప్రేమపాటలు. ఒకప్పుడు చాకిరేవు దుకాణం నడిచిన పాతగదిలో తీశారట. గోడలకింకా గంజి వాసన వస్తుండేదట. ఊళ్ళోవాళ్ళకి అది హైటవర్ రికార్డు, మాకు మాత్రం ఇంటి రికార్డు. ఎందుకంటే హైటవర్ వెనకాల "ఊ... ఊ..." అంటూ వంతపాడిన ఇద్దరమ్మాయిల్లో ఒకరు మా అమ్మ అర్లీన్, రెండోది మా పిన్ని వెర్నెల్, అంటే ఈ బాబాయి భార్య. ఇద్దరికీ కలిపి ఒకే మైకు ఇచ్చారు. చెంపకి చెంప ఆనించి పాడారు. అట్ట మీద పేర్లు మాత్రం వేయలేదు. హైటవర్ టై కుట్టిన దర్జీ పేరు వేశారు గానీ వీళ్ళ పేర్లు వేయలేదు.

ఆ రికార్డు పెట్టడం చూసి తీరాలి. స్నానం చేయించిన పసిబిడ్డని తువ్వాలులోంచి తీసినట్టు అట్టలోంచి తీసేవాడు. అంచులు తప్ప ఎక్కడా వేలు తగలనిచ్చేవాడు కాదు. ఉఫ్ అని ఊదేవాడు. చర్చి పాటగాళ్ళ పాత అంగీ చింపి దాచుకున్న మఖ్మలు ముక్కతో తుడిచేవాడు. ముల్లు వాల్చగానే ముందు చిటపటలు, మూకుట్లో చేపముక్క వేసినట్టు. అప్పటికే నా ప్రాణం హాయిగా ఉండేది. తర్వాత ఆర్గాన్ మెల్లగా లేచేది. పాట ఎత్తుకునేముందు హైటవర్ ఒకసారి గొంతు సవరించుకుంటాడు, దాన్ని తీసేయకుండా రికార్డులో అలాగే ఉంచేశారు. బాబాయి కూడా సరిగ్గా అక్కడే గొంతు సవరించుకునేవాడు. పాడడానికేమీ కాదు. మా బాబాయి పాడగా విన్నవాళ్ళు ఈ భూమ్మీద లేరు.

ఈ 'పాదం' దెబ్బకి బలైనవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. ఒకసారి మా పాస్టర్ స్టకీ గారు ప్రార్థన చెప్పడానికి వచ్చారు. మూడు గ్లాసుల చల్లటి తీపి తేనీరు తాగి, "అమ్మా, ఒక్క నిమిషం" అంటూ స్నానాలగదికి బయల్దేరారు. ఆయన మధ్యగది దాకా వెళ్ళేసరికి బాబాయి ముల్లు వాల్చేశాడు.

"పాదం, పాస్టర్ గారూ!"

"లూషస్, నాయనా, నాకు కొంచెం అవసరంగా..."

"ఒక్క పక్కే పాస్టర్ గారూ. పాటలన్నీ చిన్నవే."

ఆ మహానుభావుడు బీరువా పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. దేవుణ్ణి అంత గట్టిగా ఎప్పుడూ పిలిచి ఉండడు. తర్వాతి ఆదివారం ఓర్పు మీద ఆయన చెప్పిన ప్రసంగం మా చర్చి చరిత్రలో ఇప్పటికీ ఒక గొప్ప ప్రసంగం.

ఇక పిన్ని గిన్నెల సంగతి. ఆకుకూర మాడింది, బొబ్బర్లు మాడాయి, నా పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు కరిగి క్రీములో కలిసిపోయాయి. "నాకు ఈయనతో పెళ్ళి కాలేదే, మసిబొగ్గుతో అయింది" అని పిన్ని గిన్నెలు తోముతూ సణిగేది. అయినా వేలు పైకి లేస్తే మాత్రం ఆవిడా ఆగిపోయేది. అలవాటు అలాంటిది.

ఎదురింటి ఎర్నెస్టీన్ ఒకనాడు పెట్టె సర్దుకుని, టాక్సీకి ఫోను చేసుకుంటానని మా బాబాయి ఇంటికొచ్చింది. వెనకే ఆమె మొగుడు మోజెస్ అరుచుకుంటూ వచ్చాడు. బాబాయి పోయి రికార్డు పెట్టాడు.

"పాదం! ఇద్దరూ."

ఫోనేమో గదికి ఆ చివర ఉంది. ఎర్నెస్టీన్ పెట్టె మీదే కూర్చుంది. మోజెస్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. రెండో పాటలో ఆమె అటు తిరిగింది. మూడో పాటలో ఇటు తిరిగింది. నాలుగో పాటలో, "ఆ చొక్కా బొత్తాం ఊడిందెప్పుడు?" అంది. పక్క అయిపోయేసరికి పెట్టె మోజెస్ చేతిలో ఉంది, ఇద్దరూ రోడ్డు దాటి ఇంటికెళ్తున్నారు. "మధ్యలో కదిల్తే రికార్డు పాడయ్యేదమ్మా" అన్నాడు బాబాయి నాతో. ఈయనకి మనుషులకంటే రికార్డే ఎక్కువ అనుకున్నాను. పేటంతా అలాగే అనుకునేది.

ఇప్పుడు అసలు గొడవ. ఆ రికార్డు రెండో పక్క చివర్లో ఒక నెమ్మది పాట ఉంది. హైటవర్ పాడిపాడి ఆగిపోతాడు. బాకాలు ఆగుతాయి, డ్రమ్ములు ఆగుతాయి. ఒక్క ఆడగొంతు పైకి లేచి, అక్కడే, గాలిలో నిలబడిపోతుంది. ఎంతసేపంటే, వింటున్న మనకి ఊపిరాడదు. ఆ తర్వాతే బాకాలు మళ్ళీ వస్తాయి.

ఆ గొంతు ఎవరిది?

"నాది" అనేది మా అమ్మ.

"నాది" అనేది పిన్ని.

పాట అక్కడికి రాగానే ఇద్దరూ ఒకేసారి, "అదిగో! అదిగో నేను!" అని కేకలు. ఆ కేకల్లో పాట ఎవరికీ వినపడేది కాదు. చాలా ఏళ్ళు ఇదంతా సరదాగానే జరిగింది. తర్వాత ఒకసారి మా న్యూ గోషెన్ చర్చి వార్షికోత్సవంలో ఎవరో పెద్దమనిషి, "హైటవర్ రికార్డులో ఆ ప్రఖ్యాత స్వరం మన సోదరి వెర్నెల్ గారిదే" అని అందరిముందూ ప్రకటించి చప్పట్లు కొట్టించాడు. పిన్ని లేచి దణ్ణం పెట్టింది. మా అమ్మ కూడా లేచింది. లేచి, టోపీ సర్దుకుని, చర్చి మధ్యలోంచి నడుచుకుంటూ బయటికెళ్ళిపోయింది.

ఆనాటినుంచి మూడేళ్ళు అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. చర్చిలో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మాది పక్కవీధే అయినా అమ్మ ఆ గుమ్మం తొక్కడం మానేసింది. పాటగాళ్ళ బృందంలోంచి ఇద్దరూ మానేశారు. బృందం ఎలా అయిందంటే, పాపం, దేవుడు కూడా మొహమాటానికే వినేవాడు.

ఇంతలో నాకూ థాడియస్‌కీ పెళ్ళి కుదిరింది. మా ఇంట్లో పెళ్ళికూతురు చర్చిలోకి వస్తుంటే ఇంటి ఆడవాళ్ళు పాడాలి. అమ్మమ్మకి ఆమె అక్కలు పాడారు. అమ్మకి పిన్ని పాడింది, పిన్నికి అమ్మ పాడింది. నాకు వాళ్ళిద్దరూ కలిసి పాడాలని చిన్నప్పటినుంచీ ఆశ. నాన్న ఎలాగూ లేడు. కనీసం ఇదైనా జరగాలనుకున్నాను.

"అది నిలబడి పాడితే నేను బయట కార్లో కూర్చుంటా" అంది అమ్మ.

"కారు ఈ ఊళ్ళో ఉంటే నేను రాష్ట్రం దాటి మిసిసిప్పీలో ఉంటా" అంది పిన్ని.

బాబాయి దగ్గర కూర్చుని ఏడ్చాను. "వాళ్ళు కలవరు బాబాయ్. నా పెళ్ళి మూగపెళ్ళే అవుతుంది." బాబాయి గుండ్రంగా చుట్టిన ఆ మఖ్మలు ముక్క విప్పి నా కళ్ళు తుడుచుకోమని ఇచ్చాడు. ఆ ముక్క ఎవరికైనా ఇవ్వడం నేనైతే అదే మొదటిసారి చూడడం.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా ఆదివారం బాబాయి మా అమ్మకి ఫోను చేశాడు.

"వదినా, నా కోటు చూసి చెప్పాలి. పెళ్ళికూతురు రెనీటాని చర్చిలోకి చేయిపట్టి నడిపించుకెళ్ళేది నేనే కదా, దానికి పరువు తక్కువ కాకూడదు."

"అది ఉందా ఇంట్లో?"

"చర్చిలో ఆడవాళ్ళ సమావేశానికెళ్ళింది. సాయంత్రం దాకా రాదు."

"ఒట్టు?"

"చర్చికెళ్ళిందంటుంటే మళ్ళీ ఒట్టేమిటి వదినా!"

అమ్మ ఆదివారం టోపీ పెట్టుకుని, నన్ను వెంటేసుకుని వెళ్ళింది. కోటు చూసింది, భుజాల దగ్గర వదులుగా ఉందంది. లేవబోతుంటే బాబాయి, "రెండో పక్క ఒక్కటి విని వెళ్దువుగాని" అన్నాడు. అమ్మ వద్దనబోయి ఆగింది. మూడేళ్ళయింది ఆ పాటలు విని. ఇరవయ్యేళ్ళ వయసులో తన గొంతు ఆ అట్టలో ఉంది మరి, ఎవరికి మాత్రం ఆశ ఉండదు! సోఫాలో సర్దుకుని కూర్చుంది.

ముల్లు వాలింది. చిటపట. ఆర్గాన్. రెండు పాటలు బంగారంలా నడిచాయి. అమ్మ వేళ్ళు చేతిసంచీ మీద తాళం వేస్తున్నాయి. అప్పుడు వెనక తలుపు కిర్రుమంది. పీచ్ పళ్ళ పాకం మీద పిండి పరిచి కాల్చిన వేడివేడి కాబ్లరు పళ్ళెం రెండు చేతుల్తో పట్టుకుని పిన్ని! సమావేశం లేదు, ఏమీ లేదు. పక్కింట్లో పొయ్యి బాగుందని వెళ్ళి కాల్చుకొస్తోంది.

"పాదం!"

పిన్ని వంటింటి గడప మీద ఒక కాలు ఇటు, ఒక కాలు అటు బిగుసుకుపోయింది.

"లూషస్, మనింట్లో ఎవరో కూర్చున్నారు."

"పాదం, బంగారం."

"రెనీటా, నా సంచీ తీసుకో, పోదాం" అంది అమ్మ.

"పాదం వదినా! ఇప్పుడు లేచావంటే ముల్లు అడ్డంగా గీరుకుపోతుంది. ఈ పాటలకి మనకున్నది ఈ ఒక్క రికార్డే. నీ గొంతూ పోతుంది, దాని గొంతూ పోతుంది. తర్వాత మీ ఇష్టం."

అమ్మ కూర్చుండిపోయింది. కానీ నోరు ఖాళీగానే ఉంది కదా.

"రెనీటా, మీ పిన్నికి చెప్పు, పళ్ళెం అలా వంకరగా పట్టుకుంటే పాకం కారుతుందని."

"రెనీటా, మీ అమ్మకి చెప్పు, నా పాకం సంగతి నేను చూసుకుంటానని."

"రెనీటా, మీ పిన్నికి చెప్పు..."

"నోరు కూడా!" అన్నాడు బాబాయి. "ఈమధ్య నోరు కదిపినా గెంతుతోంది. ముల్లు ముసలిదైపోయింది."

ఈ చట్టం మేమెప్పుడూ వినలేదు. నోరు కదిపితే ముల్లు గెంతడం ఏమిటని అడగాలంటే నోరు కదపాలి. అందుకని ముగ్గురం నోళ్ళు మూసుకున్నాం.

ఆ నెమ్మది పాట మొదలైంది. హైటవర్ బతిమాలుతున్నాడు, ఎవరినో ఉండిపొమ్మంటున్నాడు. బాకాలు ఆగాయి. డ్రమ్ములు ఆగాయి. ఆ గొంతు లేచింది. నా జన్మలో మొదటిసారి ఆ స్వరం కేకలు లేకుండా విన్నాను. పైకి, ఇంకా పైకి, అక్కడ నిలిచింది. నిలిచి, ఉన్నట్టుండి ఎక్కడో లోపల, 'హు' అని చిన్న ఊపిరి. గొంతు తెగలేదు. కానీ రంగు మారింది. కొంచెం మెత్తగా అయింది. మళ్ళీ కాసేపటికి ఇంకో చిన్న 'హు'. మళ్ళీ మొదటి గొంతు. బాకాలు వచ్చేశాయి.

ముల్లు సంగతి మర్చిపోయి అమ్మ మాట్లాడింది. "నాకు అక్కడ ఊపిరి అయిపోయింది."

వంటింటి గడప మీంచి పిన్ని, "నేను అందుకున్నా" అంది.

"అందుకున్నావు."

"తర్వాత నాకూ అయిపోయింది అక్కా. మళ్ళీ నువ్వే పట్టావు."

అమ్మమ్మ చర్చి బృందానికి నేర్పిన పాఠమే అది. సుదీర్ఘ స్వరం వస్తే ఒకరు దొంగచాటుగా ఊపిరి తీసుకోవాలి, పక్కవాళ్ళు మోయాలి. వినేవాళ్ళకి అతుకు తెలియకూడదు. వీళ్ళు ఎంత బాగా నేర్చుకున్నారంటే, ఆ అతుకు వాళ్ళకే తెలియలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ మూడేళ్ళు తగువాడారు.

పిన్ని కాబ్లరు పళ్ళెం మధ్యగదిలో మంచం మీద, తెల్లటి దుప్పటి మీద పెట్టేసి పరిగెత్తుకొచ్చింది. అమ్మ ఇటునుంచి పరిగెత్తింది. ఇద్దరూ అమ్మమ్మ పోలికే, బక్కపలచని మనుషులేం కాదు. చెక్కలు ధబధబలాడాయి, కప్పులు గలగలలాడాయి, గోడమీద అమ్మమ్మ ఫోటో పక్కకి వంగింది. ఇద్దరూ కావిలించుకుని భోరుమన్నారు. నేనూ వెళ్ళి వాళ్ళమీద పడ్డాను.

కాసేపటికి పిన్ని ఏడుపు ఆపింది. తల తిప్పి రికార్డు ప్లేయరు వైపు చూసింది. పాట చక్కగా నడుస్తోంది. ముల్లు ఆవగింజంత కూడా కదల్లేదు.

పిన్ని నేలని ఒక్క తన్ను తన్నింది. ముల్లు కదల్లేదు. ఎగిరి రెండుకాళ్ళతో దూకింది. హైటవర్ హాయిగా పాడుకుంటున్నాడు.

"లూషస్!"

బాబాయి మఖ్మలు ముక్కతో తన అద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఎప్పటినుంచి?"

"డెబ్భై ఒకటిలో వంటిల్లు బాగుచేయించాం చూడు... అప్పుడు ఈ ప్లేయరున్న మూల కింద కూడా సిమెంటు దిమ్మ కట్టించా. గుర్రాలు పరిగెత్తినా ఏం కాదు."

"పదిహేడేళ్ళు! పదిహేడేళ్ళు నా చేత గిన్నెలు మాడ్పించావు కదయ్యా! పాపం ఆ పాస్టర్ గారు..."

"పాస్టర్ గారి విషయంలో తప్పయిపోయింది" అన్నాడు బాబాయి నిజంగానే సిగ్గుపడుతూ. "ఆయనకి అంత తొందరని తెలియదు."

"ఎందుకయ్యా మరి ఇదంతా?"

బాబాయి అద్దాలు పెట్టుకున్నాడు. "ఎవరూ కూర్చోరు వెర్నెల్. అందరికీ తొందరే. కోపంగా వచ్చినవాళ్ళు కోపంగానే పోతారు. ఎర్నెస్టీన్ పెట్టె పట్టుకుని వచ్చిందా, ఏం చెప్పమంటావు నన్ను? నాకు మాటలు రావు, నీకు తెలుసుగా. ఈ రికార్డుకి వస్తాయి. అది చెప్పేదాకా మనిషి కదలకుండా ఉంటే చాలనుకున్నా."

మేము ఇన్నాళ్ళూ ఆ మనిషిని చాదస్తుడని నవ్వాం. వెళ్ళి ఆ వదులు కోటు భుజం మీద తల పెట్టాను.

అమ్మకి మాత్రం ఇంకో అనుమానం. "ఆ పాటలో మేం ఇద్దరం ఉన్నామని నీకు ముందే తెలుసా?"

"ఇరవయ్యేళ్ళుగా వింటున్నా వదినా."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబితే ఇద్దరూ కలిసి నామీద పడేవాళ్ళు."

"అలాగైనా కలిసేవాళ్ళం కదా!" అంది అమ్మ.

ఆ పూట కాబ్లరు ఆ మంచం చుట్టూ కూర్చుని చెంచాలతో నేరుగా పళ్ళెంలోంచే తిన్నాం.

పెళ్ళిరోజున న్యూ గోషెన్ చర్చి తలుపులు తెరుచుకున్నాయి. అమ్మా పిన్నీ ముందు నిలబడి ఉన్నారు, ఒకే మైకు, చెంపకి చెంప. బాబాయి చేయి పట్టుకుని నేను అడుగు వేశాను. పాట పైకి లేచింది. నేను సగం దూరం వచ్చేసరికి అమ్మ నన్ను చూసింది. గొంతు వణికి ఆగింది. పిన్ని అందుకుంది. పిన్ని కూడా నన్ను చూసింది. అంతే, ఆవిడా ఆగిపోయింది. అందుకోవాల్సిన అమ్మేమో చేతిరుమాల్లో మొహం దాచుకుని ఉంది. చర్చి అంతా నిశ్శబ్దం. స్వరం గాల్లో వేలాడుతోంది, మోసేవాళ్ళు లేరు.

అప్పుడు నా పక్కనే ఒక శబ్దం మొదలైంది. పాత లారీ చలికాలం పొద్దున్న స్టార్టయినట్టు. చూద్దును కదా, మా బాబాయి! గడ్డం పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, మెడనరాలు ఉబ్బించి ఆ స్వరం మోస్తున్నాడు. పియానో వాయించే ఆమె ఆయన ఏ శ్రుతిలో ఉన్నాడో వెతకబోయి, దొరక్క చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. ఆయన మాత్రం వదల్లేదు, అమ్మా పిన్నీ కళ్ళు తుడుచుకుని, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకునేదాకా.

ఆ పెళ్ళి పాటలు థాడియస్ తమ్ముడు కేసెట్టు మీద పట్టాడు. ఇప్పటికీ చుట్టాలొస్తే పెడతాను. సరిగ్గా అక్కడికి రాగానే ఎవరో ఒకరు ఉలిక్కిపడి, "ఇదెవరి గొంతు?" అని అడుగుతారు.

అమ్మా పిన్నీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఒకేసారి చెబుతారు.

"మాది కాదు."